మొహమాటమే వాళ్ల పెట్టుబడి



క్రిప్టో కరెన్సీ పేరు చెప్పి, నెలల్లో డబ్బు రెట్టింపు చేస్తామనేవాళ్ల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఈ ప్రసంగం వినడానికి మీకు కంప్యూటర్ విద్య అక్కర్లేదు. బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటో, మైనింగ్ ఎలా చేస్తారో తెలియకపోయినా ఇబ్బంది లేదు. ఈ పదేళ్లలో బయటపడ్డ పెద్ద క్రిప్టో మోసాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, వాటిలో కంప్యూటర్ చేసిన పని తక్కువ, మనుషుల మాటలు చేసిన పని ఎక్కువ.

ఇలాంటి మోసం పేపర్లో పడ్డ ప్రతిసారీ మనం అలవాటుగా అనేస్తాం, "దురాశ దుఃఖానికి చేటు, ఆశపడ్డారు, పోగొట్టుకున్నారు" అని. ఆ మాట నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. పోగొట్టుకున్నవాళ్లలో రిటైరయ్యాక గ్రాట్యుటీ సొమ్ము చేతికొచ్చిన మాస్టార్లుంటారు. కూతురి పెళ్లికని చిట్టీ పాడి తెచ్చినవాళ్లుంటారు. కొడుకు చదువు కోసం తెచ్చిన అప్పు త్వరగా తీర్చేద్దామనుకున్నవాళ్లుంటారు. వీళ్లందరినీ అత్యాశపరుల లెక్కలో వేసేసి చేతులు దులుపుకుంటే, మోసం నడిచిన దారి మనకు కనిపించదు. ఆ దారిలో అడుగడుగునా కనిపించేది మొహమాటం.

ఒకటి, "నాకిది అర్థం కాలేదు" అని చెప్పడానికి మొహమాటం. రెండు, తెలిసినవాడు ఇంటికొచ్చి అడిగితే "వద్దు" అనడానికి మొహమాటం. మూడు, మోసపోయాక నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటం. మొదటిది మన చేత తల ఊపిస్తుంది, రెండోది సంతకం పెట్టిస్తుంది, మూడోది దొంగకు పారిపోవడానికి వ్యవధి ఇస్తుంది.

వీటిలోకి వెళ్లేముందు చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. బిట్‌కాయిన్ 2009 జనవరిలో మొదలైంది. దాన్ని ప్రతిపాదించిన మనిషి సతోషీ నకమోటో అన్న పేరు పెట్టుకున్నాడు, అసలు ఎవరో ఈనాటికీ తేలలేదు. ఏ ప్రభుత్వమూ, ఏ బ్యాంకూ వెనక లేకుండా వేల కంప్యూటర్లు కలిసి రాసుకునే ఒక పద్దు అది. కొనేవాళ్లు ఎక్కువైతే ధర పెరుగుతుంది, అమ్మేవాళ్లు ఎక్కువైతే పడుతుంది. మన రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు నుంచీ జనాన్ని హెచ్చరిస్తూనే ఉంది. 2018 ఏప్రిల్‌లో ఈ వ్యాపారానికి బ్యాంకులు సేవలు చేయకూడదని ఆదేశించింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఆ తర్వాత 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను వేసింది. 2023 మార్చి నుంచి ఈ వ్యాపారం చేసే సంస్థలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. అంటే కొనడం, అమ్మడం నేరమేమీ కాదు. కానీ అది మన దేశంలో చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు.

ఏజెంట్లు ఇక్కడే ఒక మెలిక పెడతారు. "ప్రభుత్వమే పన్ను వసూలు చేస్తోందంటే ఇక భయమేమిటండీ?" అంటారు. లాటరీలో గెలిచిన డబ్బు మీదా 30 శాతం పన్నుంది. గుర్రప్పందెంలో గెలిచిన డబ్బు మీదా ఉంది. పన్ను తీసుకున్నంత మాత్రాన ప్రభుత్వం మీ అసలుకు పూచీ పడినట్టు కాదు. బ్యాంకు మునిగితే మీ డిపాజిట్‌లో 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంటుంది. క్రిప్టోకు అలాంటి బీమా పైసా కూడా లేదు. పేరున్న ఎక్స్ఛేంజీలో అసలైన కాయిన్ కొన్నా సొమ్ము పోవచ్చు. 2024 జులైలో మన దేశంలోని వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి హ్యాకర్లు 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో ఎత్తుకుపోయారు. ఇది తెలిసి దిగే వ్యాపారంలోని నష్టభయం. దాన్ని భరించగలిగినవాళ్ల ఇష్టం వాళ్లది. నేను చెప్పబోయేది ఇంకొకటి. అక్కడ కాయిన్ అన్నది పేరుకే. ఆ పేరు చాటున జరిగేది పూర్తిగా వేరే వ్యవహారం.

మొదటి మొహమాటానికి వద్దాం. అర్థం కాకపోయినా తల ఊపడం.

2015 ప్రాంతంలో మన దేశంలో గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం మొదలైంది. నడిపినవాడు అమిత్ భరద్వాజ్. మీ దగ్గరున్న బిట్‌కాయిన్లు మాకివ్వండి, మేం వాటితో మైనింగ్ చేస్తాం, నెలకు 10 శాతం చొప్పున 18 నెలలపాటు బిట్‌కాయిన్ల రూపంలోనే తిరిగిస్తాం అన్నాడు. ఒకటి ఇస్తే ఒకటీ ముప్పాతికకు పైనే వస్తుందన్నమాట. హోటళ్లలో సభలు, విదేశీ యాత్రలు, తెర మీద మెరిసే లెక్కలు. మైనింగ్ అంటే ఏమిటని లేచి అడిగినవాళ్లు తక్కువ. పక్కవాడికి అర్థమైనట్టే ఉంది, మనమే వెనకబడ్డామేమో అని కూర్చున్నవాళ్లు ఎక్కువ.

కంప్యూటర్ల గురించి కొంచెం తెలిసినవాడు ఒక్క ప్రశ్న వేసి ఉంటే చాలు. మైనింగ్ చేసేవాళ్లకు, అంటే తమ కంప్యూటర్లతో ఆ పద్దు రాసేవాళ్లకు, ప్రతిఫలంగా దక్కే బిట్‌కాయిన్లు దాదాపు నాలుగేళ్లకోసారి సగమైపోతాయి. అది దాని పుట్టుకలోనే ఉన్న నియమం. 2016 జులైలో ఒక్కో విడతకు 25 దక్కేచోట పన్నెండున్నరకు పడిపోయింది. ప్రపంచం మొత్తం మీద రాబడి సగానికి పడిన ఏడాదిలో కూడా వీళ్లు మాత్రం నెలకు 10 శాతం ఎలా ఇస్తామంటున్నారు? సరే, ఈ నియమం మనకు తెలియదనుకుందాం. అప్పుడైనా ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. నెలకు 10 శాతం తెచ్చిపెట్టే యంత్రం ఉన్నవాడు ఊరూరా సభలు పెట్టి జనాన్ని బతిమాలడం దేనికి?

మొదట్లో చేరినవాళ్లకు తర్వాత చేరినవాళ్ల బిట్‌కాయిన్లు అందాయి. 2017కల్లా అవి చాలలేదు. అప్పుడు సంస్థ మాట మార్చింది. బిట్‌కాయిన్‌కు బదులు ఎంక్యాప్ అనే తన సొంత టోకెన్ అంటగట్టింది. మన వీధిలో ఎవరో కాగితం ముక్క మీద తన సంతకం పెట్టి, ఇది వెయ్యి రూపాయలు, అప్పు చెల్లు అన్నట్టుంది ఆ పద్ధతి. ఆ కాగితం ఆయన కొట్లో తప్ప ఎక్కడా చెల్లదు, ఆయన కొట్టేమో మూసేశాడు. 2018 ఏప్రిల్‌లో పుణె పోలీసులు అమిత్ భరద్వాజ్‌ను అరెస్టు చేశారు. కేసు నడుస్తుండగానే 2022 జనవరిలో ఆయన చనిపోయాడు. ఈ పథకంలో జనం నుంచి లాగినది 6,600 కోట్ల రూపాయలని ఈడీ లెక్క. సుప్రీంకోర్టు ఈ కేసులను సీబీఐకి అప్పగించింది. 2025 ఫిబ్రవరిలో సీబీఐ దేశంలో 60కి పైగా చోట్ల సోదాలు చేస్తే దొరికిన క్రిప్టో విలువ దాదాపు 24 కోట్లు. పోయినదెంత, దొరికినదెంత, మీరే పోల్చుకోండి.

అదే కాలంలో బల్గేరియా రాజధాని సోఫియా నుంచి రుజా ఇగ్నతోవా అనే ఆవిడ వన్‌కాయిన్ పేరుతో ప్రపంచాన్ని చుట్టేసింది. 2016 జూన్‌లో లండన్‌లోని వెంబ్లీ ఎరీనా వేదిక మీద వేల మంది చప్పట్ల మధ్య మాట్లాడింది. తీరా చూస్తే వన్‌కాయిన్ వెనక నిజమైన బ్లాక్‌చెయినే, అంటే వేల కంప్యూటర్లు కలిసి రాసుకునే ఆ పద్దే, లేదు. సంస్థ వాళ్లు తమ కంప్యూటర్‌లో వేసుకున్న అంకెలే కాయిన్లు. మన దగ్గర కూడా 2017 ఏప్రిల్‌లో నవీ ముంబై పోలీసులు ఒక వన్‌కాయిన్ సభ మీద దాడి చేసి నిర్వాహకులను పట్టుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులో ఆవిడ సోఫియాలో విమానం ఎక్కి ఏథెన్స్‌లో దిగింది, ఆపైన జాడ లేదు. 2022లో అమెరికా ఎఫ్‌బీఐ తన పది మంది మోస్ట్ వాంటెడ్ జాబితాలో ఆవిడ పేరు చేర్చింది. ప్రపంచవ్యాప్తంగా జనం పోగొట్టుకున్నది 400 కోట్ల డాలర్లకు పైమాటే.

ఇంకొకటి బిట్‌కనెక్ట్. దీన్ని స్థాపించింది సూరత్‌కు చెందిన సతీష్ కుంభానీ అని అమెరికా అధికారులు అభియోగం మోపారు. మా దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, అదే కొంటుంది, అదే అమ్ముతుంది, నెలకు 40 శాతం దాకా లాభం వస్తుంది అని ప్రచారం. 2018 జనవరిలో దుకాణం సర్దేశారు. 240 కోట్ల డాలర్ల మోసమని అక్కడి న్యాయశాఖ ఆరోపించింది.

ఈ మూడింటిలో మొదటిది మైనింగ్ అంది, రెండోది కొత్త కాయిన్ అంది, మూడోది సాఫ్ట్‌వేర్ అంది. లోపలి యంత్రం ఒకటే, అది కూడా నూరేళ్ల పాతది. 1920లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ పొంజీ అనే ఆయన తపాలా కూపన్ల వ్యాపారమన్నాడు. ఒక దేశంలో చవగ్గా కొన్న కూపన్లు ఇంకో దేశంలో మార్చి 45 రోజుల్లో 50 శాతం లాభమిస్తానన్నాడు. జనం ఎగబడ్డారు. అప్పుడు అక్కడి బోస్టన్ పోస్ట్ పత్రిక తవ్వడం మొదలుపెట్టింది. పొంజీ చెబుతున్న వ్యాపారం నిజమైతే 16 కోట్ల కూపన్లు చేతులు మారాలి, లోకంలో చలామణీలో ఉన్నవేమో 27 వేలు అని లెక్క తేలింది. ఆ లెక్క అడగడానికి తపాలా శాఖలో ఉద్యోగం చేసి ఉండాల్సిన పని లేదు. ఉన్న సరుకెంత, ఇస్తానంటున్న లాభమెంత అని అడిగితే చాలు.

మనం కూడా ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ ఏజెంట్లకు ఇష్టమైన అంకె రోజుకు 1 శాతం. వినడానికి ఎంత చిన్నది! లక్ష రూపాయలు పెట్టి, వచ్చిన లాభం తీయకుండా అందులోనే తిప్పుతూ పోతే ఏడాదికి దాదాపు 37 లక్షల 78 వేలవుతుంది. రెండేళ్లకు 14 కోట్లు దాటుతుంది. మూడేళ్లకు 539 కోట్లు. లక్షను మూడేళ్లలో 539 కోట్లు చేసే విద్య చేతిలో ఉన్నవాడు మీ లక్ష కోసం ఎర్రటి ఎండలో మీ ఇంటి చుట్టూ తిరుగుతాడా? ఇంట్లో బంగారం కుదువపెట్టి తనే లక్ష తెచ్చుకుని ఫ్యాన్ కింద కూర్చోడూ?

కాబట్టి అర్థం కానిచోట అర్థం కాలేదని అనండి. అది చిన్నతనం కాదు. తాను అమ్మే సరుకేమిటో మీకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే అది చెప్పేవాడి లోటు.

రెండో మొహమాటం దీనికన్నా గట్టిది. ఎందుకంటే ఇక్కడ అడిగేది అపరిచితుడు కాదు. మేనమామ కొడుకో, పాత క్లాస్‌మేటో, పిల్లలకు ట్యూషన్ చెప్పే సారో వస్తాడు. "బావా, నేను పెట్టాను, నాకొచ్చాయి. మనవాళ్లు కదా, నీకు చెప్పకుండా ఉండలేకపోయాను" అంటాడు. ఫోన్ తీసి చూపిస్తాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అతని ఖాతాలో నాలుగు నెలలు డబ్బు పడింది. అదే అసలు చిక్కు. మోసగాడైతే మన మనసు ఎక్కడో శంకిస్తుంది. తాను నమ్మి, మన మంచి కోరి చెప్పేవాణ్ణి ఎలా శంకించడం?

అతనికి ముట్టిన ఆ నాలుగు నెలల సొమ్ము పథకం వాళ్లకు ప్రచార ఖర్చు. దాంతో వాళ్లు కొన్నది అతని నోటిమాటను, అతని వెంట వచ్చే చుట్టాలను.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ గుర్తుందిగా. క్రిప్టోతో దానికి సంబంధం లేదు, కానీ డబ్బు చేరిన దారి అదే. ఎనిమిది రాష్ట్రాల్లో దాదాపు 32 లక్షల మంది దగ్గర్నుంచి సుమారు 6,380 కోట్ల రూపాయలు చేరాయి. చేర్చింది టీవీ ప్రకటనలకన్నా ఎక్కువగా ఊళ్లలోని ఏజెంట్లు. వాళ్లలో చాలామంది తమ డబ్బూ పెట్టారు, తమ బంధువుల చేతా పెట్టించారు. చెల్లింపులు ఆగాక జనం ముందు నిలదీసింది ఆ ఏజెంట్లనే. పండగకు పుట్టింటికి వెళ్లలేని పరిస్థితి వచ్చింది కొందరికి. చివరకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు డిపాజిట్లున్నవాళ్లకు ఖజానా నుంచి చెల్లించాల్సి వచ్చింది. అగ్రిగోల్డ్‌కు కనీసం జప్తు చేయడానికి భూములు కనిపించాయి. క్రిప్టో పథకంలో జప్తుకు వెళ్తే కనిపించేది ఒక అద్దె ఆఫీసు, నాలుగు కుర్చీలు, మూతపడ్డ వెబ్‌సైట్.

గొలుసు లెక్క కూడా ఒకసారి చూద్దాం. ఒక్కొక్కరు అయిదుగురిని చేర్చాలన్నది షరతు అనుకోండి. అయిదు, పాతిక, నూట పాతిక... ఇలా పదో మెట్టుకు 97 లక్షల మంది కావాలి. పన్నెండో మెట్టుకు 24 కోట్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊయల్లోని పసిపాపలను కూడా చేర్చినా అంతమంది లేరు. పదమూడో మెట్టుకు 122 కోట్లు. ఈ లెక్కలో అందరూ గమనించని విషయం ఇంకొకటుంది. గొలుసు ఏ మెట్టు దగ్గర తెగినా, ఆఖరి మెట్టు మీదున్నవాళ్లు పైనున్న మెట్లన్నీ కలిపినదానికి దాదాపు నాలుగు రెట్లుంటారు. అంటే చేరిన ప్రతి అయిదుగురిలో నలుగురు ఒక్కరిని కూడా చేర్చలేకపోయినవాళ్లే. నష్టపోవడం ఈ పథకంలో ప్రమాదవశాత్తూ జరిగేది కాదు. అయిదుగురిలో నలుగురు పోగొట్టుకుంటేనే మిగిలిన ఒక్కడికి ముట్టేది.

మీరు కూడా బావగారిలా మరో నలుగురికి మంచి చేద్దామనుకుంటే, చట్టం ఆ మంచిని వేరేలా చూస్తుంది. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం ప్రకారం గొలుసులో సభ్యులను చేర్చడమే నేరం. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ప్రకారం, అలాంటి పథకంలో డబ్బు పెట్టమని ఇతరులను ప్రోత్సహించినవాళ్లకు ఏడాది నుంచి అయిదేళ్ల దాకా జైలు. నేనూ నష్టపోయానన్నది అక్కడ పూర్తి జవాబు కాదు.

ఈమధ్య చుట్టాల అవసరం కూడా లేని పద్ధతి ఒకటి వచ్చింది. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఎవరో మిమ్మల్ని ఒక గ్రూపులో చేరుస్తారు. గ్రూపులో వంద మంది ఉంటారు. రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగులు, మధ్యాహ్నానికి లాభాల స్క్రీన్‌షాట్లు, సాయంత్రానికి "గురువుగారూ, మీ దయవల్ల ఇల్లు కట్టుకున్నాం" అన్న కృతజ్ఞతలు. ఆ వంద మందిలో అసలు మనిషి మీరొక్కరే కావచ్చు. లేదా ఒంటరిగా ఉన్నవాళ్లకు పొరపాటున వచ్చినట్టు ఒక మెసేజ్ వస్తుంది. అక్కడి నుంచి పరిచయం, యోగక్షేమాలు, తిన్నారా అన్న పలకరింపులు. పెట్టుబడి మాట నెల తర్వాత వస్తుంది. కేంద్ర మంత్రులు, పెద్ద వ్యాపారవేత్తలు స్వయంగా సిఫారసు చేస్తున్నట్టు కృత్రిమంగా తయారుచేసిన వీడియోలు కూడా తిరుగుతున్నాయి.

తర్వాత ఒక లింకు పంపి యాప్ వేసుకోమంటారు. 10 వేలు పెడితే 12 వేలు చూపిస్తుంది. తీసుకోండి అంటారు. తీస్తే నిజంగానే మీ బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆ రెండు వేల మీద కట్టిన నమ్మకంతో మీరు 5 లక్షలు పెడతారు, తర్వాత 10 లక్షలు. యాప్‌లో అది 60 లక్షలవుతుంది. అప్పుడు తీయబోతే మొదలవుతుంది అసలు కథ. ముందు 30 శాతం పన్ను కట్టండి. తర్వాత ఖాతా స్తంభించింది, విడిపించడానికి డిపాజిట్ కట్టండి. తర్వాత మనీ లాండరింగ్ తనిఖీ రుసుం. ఇలా పోగొట్టుకున్నదాన్ని దక్కించుకోవడానికే ఇంకా ఇంకా పోస్తారు.

ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. మన దేశంలో క్రిప్టో అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ ఉంది. దాన్ని అమ్మిన సొమ్ములోంచే మినహాయించుకుంటారు. 30 శాతం పన్ను ఆదాయపు పన్ను శాఖకు మీరే నేరుగా కడతారు. మీ డబ్బు మీకు ఇవ్వడానికి ముందుగా ఇంకొంత డబ్బు పంపమని అడిగారంటే అది మోసమే. మరో గుర్తు కూడా ఉంది. డబ్బు పంపమన్నప్పుడల్లా కొత్త ఖాతా ఇస్తారు. ఒకసారి ఏదో ట్రేడర్స్, ఇంకోసారి ఎవరో వ్యక్తి యూపీఐ. నిజమైన సంస్థ అలా రోజుకో పేరుతో డబ్బు తీసుకోదు. ఆ ఖాతాలు చాలావరకు కమిషన్‌కు ఆశపడి అద్దెకిచ్చినవాళ్లవి. డిగ్రీ చదివే కుర్రాళ్లున్న తల్లిదండ్రులు ఈ సంగతి వాళ్లకు చెప్పండి. నెలకు నాలుగైదు వేలకు బ్యాంకు ఖాతా, సిమ్ అద్దెకిస్తే పోలీసులు ముందుగా వచ్చేది ఆ ఖాతాదారు ఇంటికే.

ఇక అవతల కూర్చుని ఇంత తియ్యగా రాసేవాళ్లెవరు? కాంబోడియా, మయన్మార్, లావోస్‌లలో ఇందుకోసమే గోడలు కట్టిన ప్రాంగణాలున్నాయి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కాంబోడియాకు పంపిన ఏజెంట్లు వాళ్లు. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టులు లాక్కుని, ఆడపిల్లల పేర్లతో నకిలీ ఖాతాలు తెరిపించి, మన దేశంలోనివాళ్లనే మోసం చేయించారు. మాట విననివాళ్లను హింసించారు. అదే నెలలో కాంబోడియాలోని సిహనూక్‌విల్‌లో వందల మంది భారతీయులు తిరగబడ్డారు. చాలామందిని మన రాయబార కార్యాలయం వెనక్కి పంపగలిగింది. మీతో తెలుగులో చాటింగ్ చేసేది మన జిల్లా కుర్రాడే కావచ్చు. తెలుగు వచ్చినవాడు కదా అని నమ్మడానికి వీల్లేదు.

ఇక మూడో మొహమాటం. అంతా అయిపోయాక భార్యకు చెప్పరు. భర్తకు చెప్పరు. పిల్లలకు అసలే చెప్పరు. ఉద్యోగస్తుడైతే ఆఫీసులో నవ్వుతారని, మాస్టారైతే ఊళ్లో పరువు పోతుందని వారం, పది రోజులు లోలోపల నలిగిపోతారు. డబ్బు దక్కే అవకాశం ఏమైనా ఉంటే అది మొదటి గంటల్లోనే. రూపాయల రూపంలో బ్యాంకు నుంచి బ్యాంకుకు తిరుగుతున్నంతసేపు దాన్ని స్తంభింపజేయవచ్చు. క్రిప్టోగా మారి విదేశీ వాలెట్‌లో పడ్డాక వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం.

అందుకని మోసపోయామని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఒకటి తొమ్మిది మూడు సున్నా. ఇది దేశమంతటా పనిచేసే సైబర్ నేరాల హెల్ప్‌లైన్. మీ బ్యాంకుకు చెప్పండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. లావాదేవీల యూటీఆర్ నంబర్లు, డబ్బు పంపిన ఖాతాల వివరాలు, వాలెట్ చిరునామాలు, యాప్ లింకు, చాటింగ్ మొత్తం భద్రంగా ఉంచండి. కోపంతోనో సిగ్గుతోనో గ్రూపులోంచి బయటికొచ్చి అన్నీ చెరిపేయకండి. అవే సాక్ష్యం. ఇంకో జాగ్రత్త. కొన్ని రోజులకు మీ డబ్బు రప్పిస్తామంటూ ఎవరో ఫోన్ చేస్తారు. హ్యాకర్లమంటారు, లాయర్లమంటారు, ఒక్కోసారి అధికారులమే అంటారు. ముందు ఫీజు అడుగుతారు. వీళ్లు చాలాసార్లు మొదట మోసం చేసినవాళ్లే, మీ నంబరు వాళ్ల పట్టీలో ఉంది మరి.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక మనవి. మోసపోయిన మనిషి నోరు విప్పిన ఆ మొదటి గంటలో "బుద్ధి ఎక్కడ పెట్టుకున్నావు" అనకండి. ఆ గంట ఫోన్ చేయడానికి వాడండి. తిట్టడానికి తర్వాత బోలెడు సమయం ఉంటుంది. మీ ఇంట్లో ఒకరిని తిట్టిన తీరు చూసి, రేపు ఇంకొకరు తమ నష్టం చెప్పకుండా దాచుకుంటారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చన్న మాట ఆ పూటే, ఆ మనిషితోనే చెప్పాలి.

చివరగా, ఎవరైనా పథకంతో వస్తే అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. నాకిచ్చే లాభం ఎవరి జేబులోంచి వస్తోంది? నేనెవర్నీ చేర్పించకపోయినా అది వస్తుందా? మీ కాయిన్‌ను మీ యాప్‌లో కాకుండా బయట ఇంకెక్కడైనా అమ్ముకోగలనా? నువ్వు పెట్టినదంతా లాభంతో సహా ఈ వారంలోనే నీ బ్యాంకు ఖాతాలోకి తెచ్చి చూపించగలవా? కొంత కాదు, అంతా. ఈ నాలుగో ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబుండదు. "ఇప్పుడు తీస్తే నష్టం, లాకింగ్ పీరియడ్ ఉంది, వచ్చే నెల రెట్టింపవుతుంది" అంటారు. ఇంకా అనుమానం తీరకపోతే రిజర్వు బ్యాంకు నడిపే సచేత్ పోర్టల్‌లో ఆ సంస్థ వివరాలు చూడవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు. ఖచ్చితమైన లాభం గ్యారంటీ అన్న మాట వినిపించిందంటే మాత్రం ఈ ప్రశ్నలన్నీ అడగనక్కర్లేదు. ధర రోజూ పడుతూ లేస్తూ ఉండే వస్తువు మీద ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

ప్రశ్నలు అడగడానికి కూడా మొహమాటం అడ్డొస్తుందంటారా? అయితే మూడు ముక్కల్లో తేల్చేయండి. "బావా, నాకిది అర్థం కాలేదు. అర్థం కానిచోట నేను డబ్బు పెట్టను. నువ్వు మాత్రం కాఫీ తాగి వెళ్లాలి." చుట్టరికం చెడదు, డబ్బూ మిగులుతుంది. నాలుగు నెలల తర్వాత అదే బావ డబ్బు పోయిందంటూ మీ గుమ్మం ఎక్కితే, నేను ముందే చెప్పానుగా అనకండి. 1930కి ఫోన్ కలిపి ఆయన చేతికివ్వండి.